మూడువందల పదమూడో గుర్తు

చంపకవాటి దేశంలో ఆ మంగళవారం ప్రభుత్వం గారెల దగ్గర పడిపోయింది. మంత్రివర్గ సమావేశంలో పద్నాలుగు పార్టీల మంత్రులకు పద్నాలుగు ప్లేట్లు పెట్టారు. పదమూడు ప్లేట్లలో రెండేసి గారెలు పడ్డాయి, ఒక్క ప్లేటులో మాత్రం ఒకటే పడింది. ఆ ఒంటి గారె వచ్చిన పార్టీకి మహాసభలో ఉన్నది ఇద్దరే సభ్యులు. కానీ ఆ ఇద్దరూ లేకపోతే ప్రభుత్వం లేదు. వాళ్ళు ప్లేటు ముట్టుకోకుండా లేచి వెళ్ళిపోయారు. నాలుగు గంటలకల్లా ప్రధానమంత్రి గారు మహాసభను రద్దు చేసి, ఇరవై ఒక్క రోజుల్లో మధ్యంతర ఎన్నికలని ప్రకటించారు. మూడేళ్ళలో ఇది తొమ్మిదోసారి.

ఎన్నికల సంఘంలో గుర్తుల విభాగం సూపరింటెండెంటు భావనారాయణకు ఈ సంగతి సాయంత్రం ఇంట్లో, ఉయ్యాల బల్ల మీద కాఫీ తాగుతుండగా రేడియోలో తెలిసింది. రేడియోకు తెల్ల ముసుగు కప్పి ఉంది కాబట్టి వార్తలు చదివే ఆవిడ గొంతు దుప్పట్లోంచి వస్తున్నట్టుంది. భార్య వర్ధనమ్మ వంటింట్లోంచి వచ్చి ఉయ్యాల రెండో చివర కూర్చుంది.

"మళ్ళీనా?" అంది.

"మళ్ళీనే."

"అయితే ఈ ముసుగులు తియ్యడానికి లేదన్నమాట."

"ఇరవై ఒక్క రోజులేగా వర్ధనీ."

"పోయినసారీ ఇరవై ఒక్క రోజులే అన్నారు. అంతకుముందూ అదే మాట. నా పప్పుగుత్తి మొహం చూసి మూడేళ్ళయిందండీ."

ఆ ముసుగుల సంగతి కొంచెం చెప్పుకోవాలి. చంపకవాటి మహాసభలో స్థానాలు తొంభై తొమ్మిది. దేశంలో గుర్తింపు ఉన్న పార్టీలు మూడువందల పదకొండు. ఇది ప్రజాస్వామ్యం మీద మా వాళ్ళకున్న మమకారమని ఆ దేశపు పెద్దలు చెబుతుంటారు. ప్రతి పార్టీకీ ఒక గుర్తు ఉండాలి, ఒకరిది ఇంకొకరికి ఇవ్వకూడదు. ఒక పార్టీ వాళ్ళు తమ గుర్తయిన ఎద్దును సభలోకి తోలుకొచ్చి దాని చేత కూడా ప్రమాణ స్వీకారం చేయించబోయిన నాటి నుంచి జంతువులను నిషేధించారు. దేవుళ్ళు, ఆయుధాలు, తినుబండారాలు కూడా పనికిరావు. చట్టంలోని పద్నాలుగో సెక్షన్ ప్రకారం గుర్తు అనేది 'సామాన్య పౌరుని ఇంట ప్రతిదినము కంటబడు వస్తువు' అయి ఉండాలి. చదువురాని వాళ్ళు కూడా చూడగానే పోల్చుకోవాలని దాని ఉద్దేశం.

భావనారాయణ నియమం తప్పని మనిషి. తాను సామాన్య పౌరుడు, తనది సామాన్య పౌరుడి ఇల్లు. కాబట్టి కొత్త పార్టీ దరఖాస్తు వచ్చినప్పుడల్లా ఇంటికొచ్చి ఒక గదిలో నిలబడి, చుట్టూ చూసి, కంటపడ్డ వస్తువు పేరు నోటుపుస్తకంలో రాసుకునేవాడు. అలా ముప్పై ఏళ్ళలో పప్పుగుత్తి రైతు కూలీల పార్టీకి పోయింది. జల్లెడ మేధావుల పార్టీకి, కవ్వం శాంతికాముకుల పార్టీకి, రోలు ఐక్యతా వేదికకు, ఇస్త్రీపెట్టె సంస్కరణవాదులకు పోయాయి. రైతు కూలీల పార్టీ రెండుగా చీలిపోయినప్పుడు చీలికవర్గం వాళ్ళకు అట్లకాడ ఇచ్చాడు. అది మళ్ళీ చీలితే అట్లపెనం ఇచ్చాడు.

ఇంతవరకూ ఎవరికీ ఇబ్బంది లేదు. ఇబ్బంది అంతా ఇరవై ఏడో సెక్షన్‌తో వచ్చింది. ఎన్నికల నియమావళి అమల్లో ఉండగా ఓటరు కంటబడే ప్రతి గుర్తుకూ ముసుగు వేయాలని అందులో ఉంది. అది గోడల మీది బొమ్మల కోసం, కూడళ్ళలో విగ్రహాల కోసం రాసింది. మూడేళ్ళ కిందట ఒక పార్టీ వాళ్ళు, పోలింగ్ కేంద్రం ఎదురుగా ఉన్న క్షౌరశాలలో కత్తెర కనబడుతోందనీ, కత్తెర తమ ప్రత్యర్థి గుర్తనీ ఫిర్యాదు చేశారు. ప్రధాన ఎన్నికల అధికారి దండపాణి గారు మూడు రోజులు ఆలోచించి తీర్పు చెప్పారు. 'ఓటరు కన్ను ఎచ్చటనుండునో ప్రచారము అచ్చటనే యుండును. ఓటరు తన ఇంట నివసించును. కావున గృహములందలి గుర్తులు సైతము కప్పబడవలెను.' దాంతో సంఘం ముద్ర వేసిన తెల్లటి ముతక బట్ట ముసుగులు ఇంటింటికీ పంచారు.

ఎన్నికలయ్యాక తీసెయ్యొచ్చనే అందరూ అనుకున్నారు. కానీ ముసుగులు తీయించే ఉత్తర్వు టైపై, సంతకానికి వెళ్ళేలోపు ప్రతిసారీ ప్రభుత్వం పడిపోయింది. నియమావళి మీద నియమావళి వచ్చి కూర్చుంది. క్షురకులు ముసుగు వేసిన కత్తెరతో చేతి అంచనా మీద జుట్టు కత్తిరించడం నేర్చుకున్నారు. వానలో గొడుగు విప్పితే ప్రచారం, ముడిస్తే కాదు. సగం విప్పితే తటస్థమని సంఘం వివరణ ఇచ్చింది కాబట్టి జనం సగం తడుస్తూ నడిచారు. కళ్ళజోడు ఓ మధ్యేవాద పార్టీ గుర్తు. దానికి కూడా ముసుగు వేశాక పెద్దవాళ్ళు చాలామంది పేపరు చదవడం మానేశారు. దానివల్ల రాజకీయ చైతన్యం తగ్గిందో, మనశ్శాంతి పెరిగిందో ఎవరూ లెక్క తీయలేదు.

వర్ధనమ్మ ఊరుకునే మనిషి కాదు. ముసుగేసిన పప్పుగుత్తితో పప్పు మెదపడం కుదరదని సంఘానికి ఉత్తరం రాసింది. వారానికి జవాబు వచ్చింది. 'ఐదవ సెక్షన్ ప్రకారము అభ్యంతరము తెలుపు అర్హత గుర్తింపు పొందిన పార్టీలకు మాత్రమే గలదు. పౌరులకు లేదు.' కింద సంతకం సూపరింటెండెంటు భావనారాయణది.

"ఈ మాట ఇంట్లోనే చెప్పొచ్చుగా?" అంది ఆవిడ.

"ఇంట్లో చెబితే అది అధికారిక సమాధానం అవదు" అన్నాడు ఆయన.

రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు ఇద్దరూ ఉయ్యాల మీద కూర్చున్నారు. ఆ ఉయ్యాల బల్ల వర్ధనమ్మ తండ్రి స్వయంగా చిత్రిక పట్టి, అంచుకు లతలు చెక్కి, కూతురి పెళ్ళికి చేసిచ్చింది. చెరో చివరా కూర్చుని ఇద్దరూ ఒకే లయలో నేలను తన్నితే తప్ప అది ఊగదు. ఒకరు బిగదీసుకుంటే వంకరగా మెలి తిరుగుతుంది. పెళ్ళయిన కొత్తలోనే ఈ కిటుకు వాళ్ళకు తెలిసిపోయింది. ఏ పోట్లాటైనా దాని మీద పావుగంటకు మించి నిలవలేదు. ఇంట్లో ముసుగు పడని సామాను అదొక్కటే మిగిలింది.

"ఒక్క మాట చెబుతున్నా వినండి" అంది వర్ధనమ్మ ఆ రోజు. "రోలిచ్చారు, రోకలిచ్చారు, నేను దువ్వుకునే దువ్వెన కూడా ఇచ్చేశారు. ఈ ఉయ్యాల మాత్రం ఎవడికీ ఇవ్వడానికి వీల్లేదు. దీనికి గనక ముసుగు పడితే మనమిద్దరం ఇహ రాజీ పడేది ఎక్కడ?"

భావనారాయణ మాటిచ్చాడు.

---

గారెల ఎన్నికకు నామినేషన్ల గడువు ఆఖరి రోజు మధ్యాహ్నం మూడు గంటలకు ముగుస్తుంది. రెండూ నలభైకి గోవిందస్వామి అనే ఒక పెద్దమనిషి చంకలో ఫైలుతో గుర్తుల విభాగంలోకి వచ్చాడు. మూడువందల పన్నెండో పార్టీ పెట్టాననీ, దాని పేరు అఖిల చంపకవాటి మిగిలినవారి సమితి అనీ చెప్పాడు.

"మీ సిద్ధాంతం ఏమిటండీ? ఫారంలో రాయాలి" అన్నాడు భావనారాయణ.

"తక్కిన మూడువందల పదకొండు పార్టీల్లో ఎక్కడా టికెట్ రాని వాళ్ళమండి."

"అభ్యర్థులు?"

"తొంభై తొమ్మిది చోట్లా పెడుతున్నాం. మాది కాస్త పెద్ద కుటుంబం."

కాగితాలన్నీ సవ్యంగా ఉన్నాయి. గుర్తు దగ్గర భావనారాయణ కలం ఆగిపోయింది. నోటుపుస్తకం తిరగేశాడు. ఇంట్లో గదులన్నీ అయిపోయాయి. పెరడు కూడా పోయినసారే అయిపోయింది. తొమ్మిదో సెక్షన్ ప్రకారం అర్హత ఉన్న పార్టీకి గుర్తు ఇవ్వలేకపోతే మొత్తం ఎన్నికే చెల్లదు. ఎన్నిక జరగకపోతే నియమావళి అలా కొనసాగుతూనే ఉంటుంది. విషయం తెలిసి దండపాణి గారే స్వయంగా కిందికి దిగి వచ్చారు. ఆయన ఎప్పుడూ ఉత్తర్వులు రాసే భాషలోనే మాట్లాడతారు. ఇంట్లో మంచినీళ్ళు కూడా ఆ భాషలోనే అడుగుతారని ప్యూన్లు చెప్పుకుంటారు.

"భావనారాయణగారూ, యావద్దేశము మీ నోటుపుస్తకము వైపు చూచుచున్నది. మీ గృహమున ఇంకను ఏదేని వస్తువు శేషించియున్నదా?"

"లేదు సార్" అన్నాడు భావనారాయణ. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో అది ఆయన మొదటి అబద్ధం.

"గత ఉగాదికి మీ ఇంట కాఫీ సేవించితిమి. అచ్చట ఒక ఉయ్యాలపై ఆసీనులమైనట్లు జ్ఞప్తి."

భావనారాయణ నోటుపుస్తకం మూశాడు. "అది... పద్నాలుగో సెక్షన్ కిందికి రాదేమో సార్. కంటపడాలంటే ఒకచోట ఉండాలిగా. అది ఊగుతూ ఉంటుంది."

దండపాణి గారు ఈ వాదాన్ని కాసేపు గౌరవంగా పరిశీలించారు. తర్వాత వేళ ఎంతయిందో చూద్దామని గోడగడియారం ముసుగును రెండు వేళ్ళతో పైకెత్తారు. అలా ఎత్తే అధికారం దేశం మొత్తానికి ఆయన ఒక్కరికే ఉంది. రెండూ యాభై ఆరయింది. ఆయన ముసుగు వదిలేశారు, అది మళ్ళీ జారి గడియారాన్ని కప్పేసింది. భావనారాయణ దాని వంకే చూస్తున్నాడు. గదిలో బీరువా మీద ముసుగు, కుర్చీల మీద ముసుగులు, కూజా మీద ముసుగు. తన ఇంట్లోనూ అంతే. సామాన్య పౌరుడి ఇంట్లో రోజూ కంటపడేది ఇంతకంటే ఏముంది?

'ముసుగు' అని ఫారంలో రాసేసి, ముద్ర కొట్టాడు.

గోవిందస్వామి మొహం చిన్నబోయింది. "ముసుగా? దాని బొమ్మ ఎలా ఉంటుందండీ?"

"గడి ఖాళీగా వదిలి రెండు ముడతలు గీస్తే చాలండి" అన్నాడు భావనారాయణ. ఉయ్యాల దక్కినందుకు ఆయన ప్రాణం కుదుటపడింది. ఆ సంతోషంలో తానేం చేశాడో ఆయనకు తెలియలేదు.

---

తెల్లారి పదింటికల్లా మూడువందల పదకొండు పార్టీల ప్రతినిధులూ సంఘం ముందు చేరారు. దేశంలో ఇంటింటికీ, గదిగదికీ మిగిలినవారి సమితి తరఫున సంఘమే ప్రచారం చేసి పెట్టిందని గోల పెట్టారు. మాట సబబుగానే ఉంది. దండపాణి గారు నలభై ఒకటో ఉత్తర్వు ఇచ్చారు. 'మధ్యాహ్నము పన్నెండు గంటలలోపు సమస్త ముసుగులు తొలగింపబడవలెను.'

ఆ కబురు వినగానే వర్ధనమ్మ చేతిలో పని వదిలేసి వంటింట్లోకి పరుగెత్తింది. మూడేళ్ళ తర్వాత పప్పుగుత్తి ముసుగు విప్పి, కడిగి, పొయ్యి మీది కందిపప్పులో పెట్టి తిప్పడం మొదలెట్టింది. భావనారాయణ ఆఫీసులో ఉన్నాడు గానీ, పక్కింటి శేషమ్మ గారు తర్వాత చెప్పింది, ఆవిడ కళ్ళు చెమర్చాయని.

ఒంటిగంటకు అవే పార్టీలు మళ్ళీ వచ్చాయి. ముసుగులు తీసేసరికి ప్రతి పార్టీకీ మిగతా మూడువందల పది పార్టీల గుర్తులు కంటపడ్డాయి. ఇది ఘోరమన్నారు. నలభై రెండో ఉత్తర్వు వెలువడింది. 'తొలగింపబడినవి యథాస్థానమున కప్పబడవలెను.' ఫ్లయింగ్ స్క్వాడ్ వాళ్ళు వర్ధనమ్మ ఇంటికి వచ్చేసరికి పప్పు సగమే మెదిగింది.

"ఒక్క ఐదు నిమిషాలు ఆగండి బాబూ" అంది ఆవిడ.

"నియమావళిలో ఐదు నిమిషాలకు అవకాశం లేదమ్మా" అని స్క్వాడ్ ఇన్‌స్పెక్టరు పప్పు ఓడుతున్న గుత్తికే ముసుగు తొడిగి ముడి వేశాడు. ఆ పూట భావనారాయణ సగం పప్పు, సగం పలుకులు తిన్నాడు.

సాయంత్రానికి నలభై మూడో ఉత్తర్వుతో చిక్కు విడిపోయిందని సంఘం ప్రకటించింది. సంఘం ముద్ర ఉన్న ముసుగు కేవలం ముసుగేననీ, ముద్ర లేనిదే పార్టీ గుర్తనీ తేల్చారు. దాంతో ముద్ర లేని తెల్ల బట్టలన్నీ ప్రచార సామగ్రి అయ్యాయి. దండెం మీద ఆరేసిన దుప్పట్లను తోరణాలుగా నమోదు చేశారు. ఏటి ఒడ్డున ఒక లాండ్రీ వాళ్ళు పంచెలు ఆరేస్తే దాన్ని అనుమతి లేని బహిరంగ సభగా రాసుకుని, హాజరు రెండువందల నలభై అని వేసుకున్నారు. కట్టుకున్న బట్టల సంగతేమిటని ఒక పార్టీ అడిగింది. ఆ ప్రశ్నను దండపాణి గారు నిపుణుల సంఘానికి పంపి, నివేదిక ఎన్నికల తర్వాత ఇవ్వమని కోరారు. ఆయన ముందుచూపుకు దేశం ఇప్పటికీ కృతజ్ఞతతో ఉంది.

పోలింగ్ రోజున భావనారాయణకు ఊరి చివరి బడిలో డ్యూటీ పడింది. బ్యాలెట్ పత్రం పదకొండు మూరల పొడవుంది. చీర మడతపెట్టినట్టు మడిచి ఇవ్వాల్సి వచ్చింది. ఒక ముసలమ్మ దాన్ని బల్ల మీద పరుచుకుని, కింద నుంచి పైకీ, పై నుంచి కిందికీ చూసి ఆయన్ను పిలిచింది.

"ఇదేంది నాయనా?"

"జల్లెడండి. నియమం ప్రకారం పత్రం తాకకుండా చెబుతున్నాను."

"జల్లెడ ఇట్టా ఉండేదా? మరిచేపోయినా. మరి ఇదో?"

"అది కవ్వం."

"ఏమో, నాకు ఏదీ పోలిక తెలవట్లేదు. మూడేళ్ళాయె వీటి మొహం చూసి." ఇంకా కిందికి వెళ్ళి, చివరి గడి దగ్గర ఆగి, తెలిసిన మనిషి ఎదురైనట్టు నవ్వింది. "ఇది తెలుసు. మా ఇంటి నిండా ఇదే."

ఆ రోజు దేశమంతటా జరిగింది అదే. మిగిలినవారి సమితికి తొంభై తొమ్మిదిలో తొంభై ఏడు స్థానాలు వచ్చాయి. మిగతా రెండు చోట్ల ఓటర్లు పత్రాన్ని చివరిదాకా విప్పలేకపోయారు.

---

ఒకే పార్టీకి ఇంత బలం రావడం చంపకవాటి చరిత్రలో ఎన్నడూ లేదు. ఇక ప్రభుత్వం పడదు, నియమావళి ఎత్తేస్తారు, ముసుగులు తీసెయ్యొచ్చని జనం ఎదురుచూశారు. వర్ధనమ్మ కందిపప్పు కడిగి పెట్టుకుంది. ప్రధానమంత్రి గోవిందస్వామి గారి మొదటి ఆజ్ఞ రేడియోలో వచ్చింది. 'దేశమందలి సమస్త ముసుగులు, ముద్ర ఉన్నవియు లేనివియు, ఇకపై పాలకపక్షపు గుర్తుగా పరిగణింపబడును. వాటిని తొలగించుట ప్రజాతీర్పును అవమానించుట యగును.' గుర్తును ప్రసాదించినందుకు భావనారాయణకు పతకం ప్రకటించారు. దాన్ని ముసుగు వేసి ఇచ్చారు. పతకం ఏ లోహంతో చేశారో ఆయనకు ఈనాటికీ తెలియదు.

"ఉయ్యాల కాపాడాను కదా" అన్నాడు ఆ సాయంత్రం, తప్పు చేసినవాడిలా.

"కాపాడారు" అంది వర్ధనమ్మ. "దాన్నొక్కదాన్నే." ఆవిడ కాలు నేలను తన్నలేదు. ఉయ్యాల వంకరగా మెలి తిరిగి ఆగిపోయింది. భావనారాయణకు ఆ పతకం మీద అసహ్యం వేసింది. పెళ్ళయిన ముప్పై రెండేళ్ళలో ఆ ఉయ్యాల మీద రాజీ కుదరకపోవడం అదే మొదలు.

దేశం మొత్తం మీద ముసుగు లేకుండా బయటికి కనిపించే వస్తువు అదొక్కటేనన్న సంగతి వీధిలో పాకింది. మధ్యాహ్నాలు ఆడవాళ్ళు రావడం మొదలెట్టారు. "ఒక్కసారి కూర్చుంటాం వదినా" అనేవాళ్ళు. కూర్చుని బల్ల అంచున లతలను చేత్తో తడిమి చూసేవాళ్ళు. శేషమ్మ గారి నాలుగేళ్ళ మనవరాలు ఉయ్యాలను చూసి బెదిరి, "దీనికి బట్టేది?" అని అడిగింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర వర్ధనమ్మ, "ఆ చట్టం పుస్తకం ఒకటి తెచ్చిపెట్టండి, చదువుకుంటాను" అంది. తన ఉద్యోగం మీద భార్యకు ఇన్నాళ్ళకు ఆసక్తి కలిగిందని భావనారాయణ మురిసిపోయి, మర్నాడే తెచ్చి ఇచ్చాడు. ఆవిడ రోజూ ఉయ్యాల మీద కూర్చుని ఒక్కో సెక్షనే చదివేది. కొన్నిచోట్ల పెన్సిలుతో గీత గీసేది.

నలభై ఒకటో రోజున ప్రభుత్వం ఒక పెళ్ళిలో పడిపోయింది. పాలకపక్షం సభ్యులంతా బంధువులే కాబట్టి అందరూ ఆ పెళ్ళికి వెళ్ళారు. వరుడి మేనమామ అయిన హోంమంత్రి గారిని రెండో పంక్తిలో కూర్చోబెట్టారు. ఆయన చేతులు కడుక్కోకుండానే యాభై మంది సభ్యులతో బయటికి నడిచారు. సాయంత్రానికి మహాసభ రద్దయింది. పదో మధ్యంతర ఎన్నికకు ఇరవై ఒక్క రోజుల గడువు మొదలైంది.

---

నామినేషన్ల ఆఖరి రోజు మధ్యాహ్నం భావనారాయణ బల్ల ముందు నీడ పడింది. తలెత్తి చూస్తే వర్ధనమ్మ. ఇస్త్రీ చీర కట్టుకుని, చేతిలో కాగితాలతో నిలబడింది.

"క్యారేజీ మరిచిపోయానా?" అన్నాడు కంగారుగా.

"లేదు. పార్టీ పెట్టాను."

ఫారం ఆయన ముందు పెట్టింది. ఒక్క కొట్టివేత లేకుండా నింపి ఉంది. పేరు: గృహిణుల తాత్కాలిక పార్టీ. అభ్యర్థులు: ఒకరు. కోరిన గుర్తు: ఉయ్యాల.

భావనారాయణ ఆ ఆఖరి గడి రెండుసార్లు చదివాడు. "వద్దని నువ్వే కదా ఒట్టు పెట్టించుకున్నావు?"

"మీరు ఇవ్వొద్దన్నాను. ఇప్పుడు ఇస్తున్నది నేను. గుర్తు లేందే పార్టీ లేదు, పార్టీ లేందే అభ్యంతరం చెప్పే అర్హత లేదు. మీరే రాశారుగా నాకు ఉత్తరం."

"రేపటికి స్క్వాడ్ వచ్చి దానికి ముసుగు వేస్తుంది వర్ధనీ. మీ నాన్న చేసిన బల్ల."

"తెలుసు. సంతకం పెట్టండి."

ఆమె గొంతు మామూలుగానే ఉంది గానీ, బల్ల అంచు పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి. ముప్పై ఏళ్ళలో అన్ని గుర్తులు ఇచ్చిన భావనారాయణకు ఒక వస్తువు ఇవ్వడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. సంతకం పెట్టాడు.

వెంటనే ఆవిడ రెండో కాగితం తీసింది. అది ఐదో సెక్షన్ కింద, గుర్తింపు పొందిన పార్టీ హోదాలో అభ్యంతరం. దండపాణి గారు దాన్ని నిలబడి చదివారు, తర్వాత కూర్చుని చదివారు. చట్టంలో ముప్పై ఒకటో సెక్షన్ ఒకటుంది. ఒకరి పోస్టరు మీద ఇంకొకరు పోస్టరు అంటించకుండా ఆపడానికి ఎప్పుడో రాసింది. 'ఒక పార్టీ గుర్తుపై మరియొక పార్టీ గుర్తును ఉంచరాదు.' ముద్ర ఉన్నదీ లేనిదీ ప్రతి ముసుగూ మిగిలినవారి సమితి గుర్తేనని ప్రధానమంత్రే ఆజ్ఞాపించాడు. అంటే దేశంలో ప్రతి ఇంట్లో, ప్రతి వస్తువు మీదా సంఘం సమక్షంలోనే ఆ సెక్షన్ ఉల్లంఘన జరుగుతోంది.

"ఇది తక్కిన పార్టీల వారికేల తోచలేదు?" అన్నారు దండపాణి గారు.

"ఎదుటివాడి గుర్తు బయటపడుతుందేమోనన్న భయంలో తమది కూడా లోపలే ఉందని మరిచిపోయారు సార్" అంది వర్ధనమ్మ.

"మంచిది. ముసుగులు తొలగించి, అన్యవస్తువులతో కప్పింతుము."

"దేంతో? చాపైతే కార్మిక సంఘాలది. గంపైతే కూరగాయల వాళ్ళ పార్టీది. బోర్లించడానికి గంగాళం ఉందంటారా, అది ఉమ్మడి కుటుంబ ఫ్రంటుది. మావారు ఇంట్లో ఏమైనా మిగిల్చారేమో మీరే అడగండి."

దండపాణి గారు భావనారాయణ వైపు చూశారు. భావనారాయణ నోటుపుస్తకం తెరిచి, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిప్పి, మూసేశాడు.

"ఇప్పుడేం చేద్దామయ్యా?" అన్నారు దండపాణి గారు. ఆయన నోట మామూలు తెలుగు వినడం ఆఫీసులో అందరికీ అదే మొదటిసారి. ప్యూను చేతిలో ఫైళ్ళు కింద పడ్డాయి.

యాభై ఎనిమిదో ఉత్తర్వు మర్నాడు పన్నెండింటికి వచ్చింది. ముసుగులన్నీ తీసెయ్యాలి. వాటి స్థానంలో ఏం కప్పాలన్నది పరిశీలనలో ఉంది. పరిశీలన ముగిసేదాకా ఏదీ కప్పనక్కర్లేదు. పరిశీలనకు గడువేదీ లేదు.

వీధుల్లో జనం ఇళ్ళలోంచి సామాన్లు బయటికి తెచ్చి ఎండలో పెట్టుకున్నారు. ఆఫీసుకు ఎదురుగా ఉన్న క్షౌరశాలలో మనిషి కత్తెర విప్పి గాల్లో కటకటలాడించాడు. ఒక పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని, తన మనవణ్ణి పట్టుకుని, ఇంత పెద్దవాడివి ఎప్పుడయ్యావురా అని అడుగుతున్నాడు. భావనారాయణ కిటికీలోంచి ఇదంతా చూస్తూ నిలబడ్డాడు. ఇన్నేళ్ళుగా ఇవన్నీ తన పుస్తకంలో పేర్లు అనుకున్నాడు.

రెండూ యాభైకి వర్ధనమ్మ మళ్ళీ వచ్చింది. నామినేషన్ల ఉపసంహరణకు గడువు మూడింటికి. ఆవిడ ఈసారి పాత చీరలోనే ఉంది, చేతికి పసుపు మరక ఉంది. ఉపసంహరణ ఫారం బల్ల మీద పెట్టి, "తొందరగా కానివ్వండి" అంది.

ఉపసంహరించుకుంటే గుర్తు విడుదలవుతుంది. ఉయ్యాల మళ్ళీ వట్టి ఉయ్యాల అవుతుంది. భావనారాయణ గబగబా ఒక్కో గడే సరిచూసుకుంటూ వచ్చి, కారణం అని ఉన్నచోట ఆగాడు. పక్కన నిలబడ్డ దండపాణి గారు కూడా వంగి చదివారు.

'పప్పు పొయ్యి మీద ఉంది.'

"ఈ కారణము చట్టసమ్మతమేనా?" అన్నారు దండపాణి గారు, పాత భాషలోకి వెళ్ళిపోయి.

"కాదని ఏ సెక్షనూ చెప్పలేదు సార్" అన్నాడు భావనారాయణ. ముద్ర కొట్టి, నోటుపుస్తకం సొరుగులో పడేసి, భార్య వెనకే నడిచాడు.